మా పూజా, మన పూజా?

పోయిన నెల మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక అర్జీ తిరిగింది. మనవాళ్లు చాలామంది స్థిరపడిన ఒక నగరంలో, వాళ్ల విచారణలో, ప్రతి ఆదివారమూ తెలుగులో విడిగా ఒక పూజ పెట్టించమని మేత్రాణులవారికి రాసిన అర్జీ అది. కింద చాలా సంతకాలున్నాయి. రూపనగుడిలో ఉన్న మమ్మల్ని కూడా సంతకం పెట్టమన్నారు, సరిహద్దులో ఉండి తెలుగు నిలబెట్టుకున్న ఇల్లు కదా, మీ పేరుంటే బరువుంటుంది అని.

మేము పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఫోన్లు వచ్చాయి. "మీరు కన్నడం వాళ్లయిపోయినారప్పా" అని ఒక బావ ఎగతాళి చేశాడు. ఎగతాళే అయినా అందులో కొంచెం కోపం ఉంది. పిన్ని వరస అయ్యే ఒకామె మాత్రం నిజంగా బాధపడింది. ఆమెకి ఆ ఊళ్లో కన్నడం రాదు, ఇంగ్లీషు రాదు. ఆదివారం పూజలో గంటసేపు చేతులు కట్టుకుని కూర్చుని వస్తుంది. ఆమె బాధ చూశాక ఫోన్లో రెండు మాటలు చెప్పి ఊరుకోవడం సరికాదనిపించి ఇది రాస్తున్నాం. మా ఇంట్లో అందరి అభిప్రాయమూ ఒకటే అనుకోవద్దు. రాసేముందు చాలానే వాదించుకున్నాం.

మొదట మేమెక్కడ నిలబడి మాట్లాడుతున్నామో చెప్పాలి. మా ఊరి పేరులోనే గుడి ఉంది. తెలుగు కతోలికులం చర్చిని కూడా గుడి అనే అంటాం కాబట్టి ఆ పేరు మాకు ఎప్పుడూ పరాయిగా అనిపించలేదు. (మా ప్రొటెస్టెంటు స్నేహితులు ఆ మాటకి ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ.) ఊరు బళ్లారి తాలూకాలో ఉంది. 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రం. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పుడు బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, మిగతావి మైసూరుకి వచ్చాయి. బళ్లారి తాలూకా ఎటు అనే తగవు మీద జస్టిస్ మిశ్రా విచారణ జరిగింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం మళ్లీ బళ్లారిని ఆంధ్రకి ఇమ్మని సిఫారసు చేసింది, అది అమలు కాలేదు. మా తాతలు ఇల్లు కదలలేదు, వాళ్లుండే రాష్ట్రం మాత్రం మారింది. పిల్లలు చదివింది కన్నడం బడిలో, పెళ్లిళ్లు జరిగింది ఆలూరు, ఆదోని వైపు. ఒక్కో మాట తెలుగులో మొదలై కన్నడంలో ముగుస్తుంది. మధ్యలో ఎక్కడ మారిందో మాట్లాడేవాళ్లకే తెలియదు.

మా మేత్రాసనం కథ కూడా అట్లాంటిదే. 1928లో మద్రాసు అతిమేత్రాసనం నుంచి విడిపోయి బళ్లారి మిషన్‌గా ఏర్పడింది. 1949లో మేత్రాసనం అయింది. మొదటి మేత్రాణులు జాన్ ఫారెస్ట్ హోగన్, ఫ్రాన్సిస్కన్ సభవారు. తర్వాత 1960లలో వచ్చి మూడు దశాబ్దాలకు దగ్గరగా మేపినవారు అంబ్రోజ్ యెద్దనపల్లి, పేరులోనే తెలుగు ఊరున్నవారు. 2008లో హెన్రీ డిసౌజా గారు మేత్రాణులయ్యారు. 1967లో కర్నూలు మేత్రాసనం ఏర్పడ్డాక ఆంధ్రవైపు మా చుట్టాలకి మేత్రాణులు వేరు, మాకు వేరు. రాష్ట్రం గీత గీసిన పద్నాలుగేళ్లకి గుడి కూడా గీత గీసింది. అంతకుముందు 1810లోనే లండన్ మిషనరీ సొసైటీ తరఫున బళ్లారికి వచ్చిన జాన్ హ్యాండ్స్ కన్నడం నేర్చుకుని బైబిలునే ఆ భాషలోకి తెచ్చాడు. ఆయన మన గుడివాడు కాదు, నిజమే. కానీ ఈ నేలలో ఒక అలవాటుంది. ఇక్కడికి వచ్చినవాడు ముందు పక్కింటివాడి మాట నేర్చుకుంటాడు, తర్వాతే దేవుడి మాట ఎత్తుతాడు.

ఇక అర్జీ సంగతి. అందులో న్యాయం లేదని మేము అనడం లేదు. చాలా ఉంది.

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధన మీద తన పత్రాన్ని ఆమోదించింది. అనుకూలంగా 2147 ఓట్లు, వ్యతిరేకంగా 4. జనం భాషల్లో పూజ చేసుకోవడానికి తలుపు తెరిచింది ఆ పత్రమే. అంతకుముందు పూజ లతీనులో సాగేది. గురువు పీఠం వైపు తిరిగి ఆయన జపాలు ఆయన చెప్పుకుంటుంటే, వెనక మా అవ్వలు తమ జపమాల తాము చెప్పుకునేవాళ్లు. ఒకే కప్పు కింద రెండు ప్రార్థనలు జరిగేవన్న మాట. ఆ రోజులు మళ్లీ రావాలని కోరేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. మేము వాళ్లలో లేము. అర్థం కాని పూజలో మౌనంగా కూర్చున్న మా పిన్నికి 1963కి ముందు రోజులే నడుస్తున్నాయి కదా అని అర్జీవాళ్లు అడిగారు. సరైన ప్రశ్నే.

పాపసంకీర్తనం సంగతి ఇంకా గట్టిది. మార్కెట్లో బేరం చేయడానికి చాలే భాష మోకరించి తప్పు చెప్పుకోవడానికి చాలదు. మా అవ్వ జీవితమంతా కన్నడం మాట్లాడే ఊళ్లో, మిరపచేలల్లో, కన్నడం కూలీలతో గడిపింది. ఆఖరి వారంలో ఆమె నోట కన్నడం ముక్క రాలేదు. పరలోక జపం, మంగళవార్త జపం తెలుగులోనే, అదీ చిన్నప్పుడు ఉపదేశి నేర్పిన పాత తెలుగులోనే గొణుక్కునేది. అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి ఆంధ్రవైపు నుంచి తెలుగు గురువుని పిలిపించాం. ఆయన తెలుగులో మొదలుపెట్టగానే ఆమె కళ్లు తెరిచింది. అది చూసినవాళ్లం మేము. తల్లిభాషలో ప్రార్థన అక్కర్లేదని మాతో ఎవరూ అనిపించలేరు.

తెలుగులో క్రీస్తుని పాడుకోవడం నిన్న మొన్నటిది కూడా కాదు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనం' అని క్రీస్తు చరిత్రను పద్యప్రబంధంగా రాశాడు. ఆ వారసత్వం నిలవాలనే మేమూ ఈ రాతలన్నీ రాస్తున్నాం.

మరి అభ్యంతరం ఎక్కడ? అర్జీలో ఉన్న ఒక్క మాట దగ్గర. 'విడిగా'.

విడి పూజలు ఎట్లా నడుస్తాయో నగరాల్లో ఉన్నవాళ్లకి మేము చెప్పక్కర్లేదు. ఎనిమిదికి ఒక భాష, తొమ్మిదిన్నరకి ఇంకో భాష, పదకొండుకి మూడోది. ఒకరు బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఇంకొకరు విడుస్తుంటారు. ఇద్దరికీ మధ్య జరిగే మాట బండి అడ్డం తీయమని మాత్రమే. పేరుకి ఒక విచారణ, నిజానికి ఒకే కట్టడాన్ని గంటల లెక్కన వాడుకునే మూడు సంఘాలు. కొన్నాళ్లకి ప్రతిదానికీ లెక్కలు మొదలవుతాయి. పండుగకి నవదిన ప్రార్థనల్లో మాకెన్ని రోజులు? తేరు ముందు ఎవరి పాటలు? క్రిస్మస్ రాత్రి పూజ ఎవరి భాషలో? విచారణ సభలో మావాళ్లెందరు? బెంగళూరు అతిమేత్రాసనంలో పూజాభాష మీద కన్నడ, తమిళ కతోలికుల మధ్య తగవు దశాబ్దాల పాటు నడిచింది. తగవు పడినవాళ్లు ఇద్దరూ భక్తిపరులే, ఇద్దరికీ తమ తల్లిభాష మీద ప్రేమే. అందుకే అది అంతకాలం సాగింది. భక్తి లేనివాళ్ల తగవయితే మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసేది.

అర్జీ రాసినవాళ్లు పెంతెకోస్తు రోజును ఉదాహరణగా చూపించారు. ఆ రోజు యెరూషలేములో రకరకాల దేశాలవాళ్లు అపొస్తలుల మాటను ఎవరి భాషలో వాళ్లు విన్నారు కదా, పవిత్రాత్మే ఎవరి భాష వాళ్లకి ఇచ్చాడు కదా అని. బాగానే ఉంది. కానీ వాళ్లందరూ ఆ రోజు ఒకే చోట గుంపుగా నిలబడి విన్నారు. పార్తీయులకి ఏడింటికి, మేదీయులకి ఎనిమిదింటికి అని పేతురు వేళలు పెట్టలేదు. ఆ అద్భుతంలో సగం భాషలు, మిగతా సగం ఆ గుంపు. సగం మాత్రమే పట్టుకుంటే దాన్ని పెంతెకోస్తు అనలేం.

ఇంట్లో మా వాదన అంతా చివరికి రెండు చిన్న మాటల దగ్గర ఆగింది. తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మన, పక్కన పెడితే మా. 'మా ఇల్లు' అంటే నీది కాదు, 'మన ఇల్లు' అంటే నీదీనూ. పక్కనున్న కన్నడంలో ఈ తేడా లేదు, రెండింటికీ 'నమ్మ' ఒక్కటే. మా పిల్లలు బడి కన్నడం వల్ల ఇంట్లో ఈ రెంటినీ కలిపేసి, వచ్చిన చుట్టాలతోనే 'మన ఊరికి ఎప్పుడొచ్చారు' అనాల్సిన చోట 'మా ఊరికి' అని తిట్లు తింటుంటారు.

ఇప్పుడు పరలోక జపం చూడండి. తెలుగులో మనం తండ్రిని పిలిచేది 'మా తండ్రీ' అని. ఎందుకు 'మన' కాదు? మాట్లాడుతున్నది దేవుడితో కాబట్టి, ఆయన్ని ఆ మాటలో కలపలేం కాబట్టి. అంటే ఆ 'మా'లో లేనివాడు ఒక్క దేవుడే. మిగతా అందరూ అందులో ఉన్నారు. పక్కన మోకరించిన కన్నడం ముసలాయనా, వెనక బెంచీలో తమిళం అమ్మా, వాకిట్లో చెప్పులు కాసే పిల్లవాడూ, అందరూ. పైగా ఆ జపంలో 'నాకు' అనే మాట ఎక్కడా లేదు. ఆహారం అడిగినా, క్షమాపణ అడిగినా అంతా బహువచనమే. తలుపేసుకుని ఒంటరిగా చెప్పుకున్నా అది నలుగురి ప్రార్థనే. ఆ జపాన్ని నోట పెట్టుకుని వెళ్లి మేత్రాణులవారిని 'మాకు మా పూజ కావాలి' అని అడిగితే, ఆ 'మా' ఈ 'మా' కాదు. అడిగేవాళ్లకి తెలియకుండానే మాట అర్థం తిరగబడింది.

దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి నీలా ప్రేమించు అన్నవి రెండూ ఒకే ఆజ్ఞగా ఎందుకు కట్టారో మాకు ఇక్కడే కొంచెం అర్థమయింది. లూకా సువార్తలో ఆ ధర్మశాస్త్ర పండితుడు మొదటి సగం గురించి ఏమీ అడగలేదు. దేవుడెవరు అని అడగలేదు. నా పొరుగువాడెవడు అని అడిగాడు. గీత ఎక్కడ గీయాలో చెప్పమన్నాడు. దానికి జవాబుగా యేసు చెప్పిన కథలో సమరీయుడు వచ్చాడు. యూదులకీ సమరీయులకీ మధ్య తగవులన్నిటిలో పెద్దది ఏమిటి? దేవుణ్ణి ఎక్కడ ఆరాధించాలి, యెరూషలేములోనా, గెరిజీము కొండ మీదా అన్నదే. యోహాను సువార్తలో బావి దగ్గర సమరీయ స్త్రీ ఎత్తిన ప్రశ్న కూడా అదే. అంటే, ఒక సరిహద్దు, దానికి అటూ ఇటూ ఒకే దేవుణ్ణి కొలిచే రెండు జనాలు, ఎవరి గుడి వాళ్లది. బళ్లారి జిల్లావాళ్లకి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. యేసు పొరుగువాడికి ఉదాహరణ ఎవరో దూరదేశంవాణ్ణి తేలేదు, పూజ దగ్గర తగవున్నవాణ్ణే తెచ్చాడు.

మాటల్లో కూడా ఒక విశేషముంది. మనం ఇరుగుపొరుగు అంటాం, కన్నడంలో నెరెహొరె అంటారు. రెండు భాషలూ ఆ మాటను జంటగానే చేసుకున్నాయి. ఇరుగు లేకుండా పొరుగు లేదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. దీన్ని రాయాలా వద్దా అని మాలో మాకే పడలేదు. రాయాలి అన్నవాళ్లే గెలిచారు.

తెలుగులో విడి పూజ పెట్టుకుంటే మనమంతా ఒకటవుతామని అర్జీ చెప్తోంది. తెలుగువాళ్లే ఉన్న ఊళ్లలో మనం ఒకటిగా ఉన్నామా? 18వ శతాబ్దంలో కర్ణాటక మిషన్ జెస్యూట్ గురువుల కాలంలో రాయలసీమలో జ్ఞానస్నానం పొందిన కుటుంబాలు కరువులకీ దాడులకీ తట్టుకోలేక కొన్ని గుంటూరు వైపు, కొన్ని తమిళనాడులోని కీళచ్చేరి లాంటి చోట్లకి వలస వెళ్లాయి. వాళ్ల విశ్వాసం గొప్పది, అన్నీ పోగొట్టుకున్నా దాన్ని మోసుకెళ్లారు. దానితోపాటు కులాన్ని కూడా మోసుకెళ్లారు, అదీ చెప్పాలి. తర్వాత వందేళ్లకి మాల, మాదిగ పల్లెల నుంచి వేలమంది గుడిలోకి వస్తే, ఒకే తెలుగు జపం చెప్పే ఈ ఇద్దరూ ఒకే చాప మీద కూర్చోవడానికి ఎంతకాలం పట్టింది? చాలా చోట్ల కూర్చున్నారా అసలు? కూడిక ఒకటే, శ్మశానాలు రెండు అన్న ఊళ్లు మనకి తెలియనివా? 2016 డిసెంబరులో భారత కతోలిక మేత్రాణుల సమాఖ్యే దళిత సాధికారత విధానం విడుదల చేస్తూ, అంటరానితనం గుడిలోనే ఉందని ఒప్పుకుంది. బయట ప్రభుత్వం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పేరు చెప్పి దళిత క్రైస్తవుడికి షెడ్యూల్డు కులం హక్కు లేదంటుంది, నీకిప్పుడు కులం లేదు కదా అని. లోపలికి వస్తే కులం ఉందని మనం గుర్తుచేస్తాం.

2022 ఆగస్టు 27న పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టి, 2008 నుంచి మా పక్కనే ఉన్న కర్నూలు మేత్రాసనానికి మేత్రాణులై, తర్వాత హైదరాబాదు అగ్రమేత్రాణులైనవారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. ఆ రోజు మా గ్రూపు అభినందనలతో నిండిపోయింది. అందరూ 'మన' కార్డినల్ అనే రాశారు, మేమూ రాశాం. అదే గ్రూపులో వారానికోసారి పెళ్లి సంబంధాల వివరాలు వస్తాయి. వాటిలో కులం గడి ఖాళీగా వదిలినది ఒక్కటీ మాకు గుర్తు లేదు.

అందుకే భాష ఒక్కటీ కలిస్తే పొరుగువాళ్లమైపోతామన్న మాట మాకు నమ్మకం కలిగించలేదు. తెలుగువాడు తెలుగువాణ్ణే పొరుగువాడిగా చూడని చోట, కన్నడం ముసలాయన్ని ఇంకో వేళకి పంపితే ఏం కలిసొస్తుంది? అరమరికలు తక్కువైన చిన్న గదిలో పాత గోడలు ఇంకా గట్టిగా కనిపిస్తాయి, అంతే.

కన్నడం పూజలో మా అవ్వ ఎట్లా నెగ్గుకొచ్చిందో పిన్నికి చెప్పాలనుంది. ఆమెకి పక్కన కూర్చునే కన్నడం ఆవిడ ఉండేది. లేవాల్సిన చోట మోచేత్తో పొడిచేది, జవాబు చెప్పాల్సిన చోట నోరు పెద్దగా తెరిచి చెప్పేది. అవ్వ ఆ జవాబుల్ని తెలుగు యాసలో ఒత్తి ఒత్తి చెప్తుంటే పిల్లలం నవ్వేవాళ్లం. పూజ అయ్యాక ఇద్దరూ బస్సు కోసం నిలబడి ఒకరి మోకాళ్ల నొప్పులు ఒకరికి చెప్పుకునేవాళ్లు, ఒకరు తెలుగులో, ఒకరు కన్నడంలో. అవ్వ పోయిన రోజు ఊళ్లో మొదట మా గడప తొక్కినది ఆమె. శవజాగారం రాత్రంతా ఆమె కన్నడంలో జపమాల చెప్తూ ఉంది, మావాళ్లు తెలుగులో జవాబిచ్చారు. ఒక్కో రహస్యం అట్లా సగం సగం నడిచింది. ఎవరూ అట్లా చేద్దామని అనుకోలేదు. తెల్లవారేసరికి అదే అయింది.

విడి పూజ ఉండి ఉంటే మా అవ్వకి ప్రసంగం ఇంకొంచెం బాగా అర్థమయ్యేది. ఆ ఆవిడ మాత్రం దొరికేది కాదు.

పొరుగు గుడి గోడ దగ్గర ఆగదు, అదీ నిజం. మా చుట్టూ ఉన్నవాళ్లలో కతోలికులు ఎందరు? చాలా కొద్దిమంది. బళ్లారి తాలూకాలోనే చెల్లగుర్కిలో ఎర్రితాత సన్నిధికి కన్నడంవాళ్లూ తెలుగువాళ్లూ కలిసే వెళ్తారు, ఒకే వరసలో కూర్చుని అన్నదాసోహంలో తింటారు. పీర్ల పండుగకి ఈ ప్రాంతపు పల్లెల్లో హిందువులు పీర్లు మోస్తారు. వాళ్లకి 'విడిగా' అనే మాట మనకొచ్చినంత త్వరగా రాదేమో అని మాకొక్కోసారి సిగ్గు కలుగుతుంది. మన గుడిలో మాత్రం అట్లాంటి అలవాటు లేదా? ఉంది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానామ్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాడు స్నేహితులతో మొదలుపెట్టిన విన్సెంట్ డీ పాల్ సభ మన విచారణల్లో ఇప్పటికీ ఉంది. వాళ్ల పద్ధతి సాదాది. ఇద్దరిద్దరుగా బీదల ఇంటికి వెళ్లాలి, వాళ్ల ఇంట్లోనే కూర్చుని మాట్లాడాలి. ఏ మతం, ఏ భాష అని అడగకూడదు. అర్జీ మీద సంతకం పెట్టినవాళ్లలో ఎందరు తమ విచారణలో ఆ సభకి వెళ్తున్నారో మేము అడగలేదు. అడగాలనిపించింది మాత్రం నిజం.

సరే, మరి పిన్ని సంగతి? ఆమెని మౌనంగా కూర్చోబెట్టడం మా పరిష్కారం కాదు. అర్జీని తిరగరాయమని మేము చెప్పాం. విడి పూజకి బదులు, ఉన్న పూజలోనే తెలుగుకి చోటడగండి. రెండు పఠనాల్లో ఒకటి తెలుగులో చదవనివ్వమనండి. విశ్వాసుల ప్రార్థనలో ఒక్క మనవి తెలుగులో. సత్ప్రసాదం వేళ ఒక తెలుగు పాట. ఇది మేము కనిపెట్టినది కాదు. రోములో పోపుగారి పెద్ద పూజల్లో విశ్వాసుల ప్రార్థన ఒక్కో మనవీ ఒక్కో భాషలో చదువుతారు. లూర్దులో కొవ్వొత్తుల ప్రదక్షిణలో జపమాల ఒకే నడకలో అనేక భాషల్లో సాగుతుంది. వేళాంగణ్ణిలో తెలుగు పూజ, కన్నడం పూజ విడిగానే ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, అది యాత్రాస్థలం. నాలుగు రోజులకి వచ్చి వెళ్లేవాళ్లకి అది వసతి. విచారణ అట్లా కాదు, చచ్చిపోతే మోసేవాళ్లు అక్కడే ఉంటారు.

పాపసంకీర్తనానికి మాత్రం మేము అర్జీవాళ్ల వైపే. నెలకొకసారైనా తెలుగు వచ్చిన గురువుని రప్పించమని గట్టిగా అడగాలి. మంచాన ఉన్న పెద్దవాళ్ల దగ్గరికి తెలుగు గురువు వెళ్లాలి. ఇందులో బతిమాలాల్సిన పని లేదు, అది వాళ్ల హక్కు. తపస్సు కాలంలో ఒక శుక్రవారం తెలుగులో సిలువమార్గం పెట్టుకుంటామంటే కూడా ఎవరూ కాదనరు, వచ్చేవాళ్లలో కన్నడంవాళ్లూ ఉంటే ఇంకా మంచిది.

మిగతాది ఇంట్లో పని. తెలుగు ప్రార్థనకి అసలు చోటు అదే. అక్టోబరులో, మే నెలలో రోజూ సాయంత్రం మా ఇంట్లో జపమాల తెలుగులోనే చెప్పుకుంటాం. నగరాల్లో పిల్లలకి తీరికుండదని అంటారు, మాకు తెలుసు. పదిహేను నిమిషాలు పట్టే పని. అది చేయకుండా ఆదివారం విడి పూజ సంపాదిస్తే, పదేళ్లకి ఆ పూజలో కూర్చునే పిల్లలకి ఆ తెలుగూ అర్థం కాదు. అప్పుడు వాళ్లు ఇంకో అర్జీ రాస్తారు, ఇంగ్లీషు పూజ కోసం.

మా పిల్లలకి తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. బడిలో నేర్పేది కన్నడం అక్షరం. అందుకని మా అత్త ఒక నోటుబుక్కులో జపాలన్నీ కన్నడం లిపిలో రాసిపెట్టింది, మాటలు మాత్రం అచ్చ తెలుగు. పరలోక జపం, మంగళవార్త, విశ్వాస సంగ్రహం, సిలువమార్గం పద్నాలుగు స్థలాలు. కన్నడం లిపిలో చదువుతున్నారు కాబట్టి పక్కింటి కన్నడం పిల్లలు కూడా వచ్చి కూర్చుని మాతో తెలుగు జపం చదివేస్తారు, అర్థం సగం తెలిసీ సగం తెలియకా. తెలియని మాట దగ్గర ఆగి అడుగుతారు. మా పిల్లలకీ తెలియకపోతే అందరూ కలిసి అత్తని అడుగుతారు. ఆ పుస్తకం అంచులు నూనె మరకలతో నల్లబడ్డాయి, నాలుగు పేజీలు ఊడిపోయాయి కూడా. ఈ వేసవిలో దాన్ని మళ్లీ శుభ్రంగా రాయించి, పేజీలన్నీ ఫోటో తీసి దాచాలని అనుకుంటున్నాం.

ఇట్లా తెలుగు జపాలు కన్నడం లిపిలోనో తమిళం లిపిలోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసుకున్న నోటుబుక్కులు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. అల్మారాలో వెతకండి. దొరికితే ఒక్క పేజీ అయినా ఫోటో తీసి మాకు పంపండి. ఎవరు రాశారో, ఏ ఊళ్లో రాశారో తెలిస్తే అదీ రాయండి.